మొదటి పాయింటు పడేదాకా

బెల్ ఫోర్క్, ఇండియానా
9 ఏప్రిల్ 2024

రోలండ్‌కి,

ఆదివారం నా మాట పూర్తి కాకుండానే ఫోన్ పెట్టేశావు. అంతకు ముందు ఆదివారం నేను పెట్టేశాను. ఇద్దరం సమానం అయ్యాం కాబట్టి ఇక ఫోన్లు వద్దు. ఉత్తరం రాస్తున్నాను. దీని నోరు నువ్వు మధ్యలో మూయించలేవు. చింపి పారేస్తావేమో, పారేయి. కానీ చదివాకే చింపుతావు, నీ సంగతి నాకు తెలియదా?

టెరెల్ ప్రూయిట్ మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీము వదిలేసి మీ డన్‌మోర్ యూనివర్సిటీకి పోతున్నాడని చెబితే నువ్వు నవ్వావు. ఆ నవ్వు గురించే ఈ ఉత్తరం. డెబ్బై ఒక్క ఏళ్ల అక్క ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతుంటే నవ్వడం కెంటకీలోనే నేర్చుకున్నావా? ముప్పై ఏళ్ల కింద పెళ్లి చేసుకుని నది దాటి కెంటకీకి పోయావు. పెళ్లాంతో పాటు ఆ ఊరి టీమునీ కట్టుకున్నావు. సరే, అది నీ ఖర్మ అని ఊరుకున్నాం. కానీ టెరెల్ నీకేమవుతాడో నాకేమవుతాడో తెలుసుకుని నవ్వు.

ప్రతి సెప్టెంబర్‌లో మా చర్చి హాల్లో చీటీలు తీస్తారు, నీకు గుర్తుండే ఉంటుంది. టీములో ఒక్కో కుర్రాడి పేరు ఒక్కో చీటీ. ఎవరి చేతికి ఎవరి పేరు వస్తే వాళ్లింట్లో ఏడాదంతా వాడికి ఆదివారం భోజనం. రెండేళ్ల కింద నాకు టెరెల్ వచ్చాడు. గ్యారీ అనే ఊరి నుంచి వచ్చినవాడు, వాళ్లమ్మ ఆసుపత్రిలో పని, ఆదివారాలు కూడా సెలవుండదు. తలుపు దగ్గర తల వంచుకుని లోపలికొచ్చిన ఆరడుగుల ఆరంగుళాల పిల్లాడు. చేత్తో వత్తిన నూడుల్స్, కోడిమాంసం, బంగాళాదుంప ముద్ద మీద పోసి పెట్టాను. "మిస్ వెల్డా, దీన్ని ఏమంటారు?" అన్నాడు. "ఆదివారం అంటారు" అన్నాను. మూడుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాతి సంవత్సరం చీటీ తియ్యకుండానే నా పేరు తనే రాయించుకున్నాడు.

ఆటలు జరిగే మన కాలేజీ జిమ్‌లో మనవాళ్లు మొదటి పాయింటు కొట్టేదాకా ఎవరూ కూర్చోరు. నిలబడి చప్పట్లు కొట్టాల్సిందే. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని నాన్న నిలబడింది నేనిప్పుడు కూర్చునే ఏడో వరుసలోనే. ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు బ్రేకు తొక్కిన నా కుడి మోకాలు ఇప్పుడు నిలబడనంటుంది. అది టెరెల్‌కి తెలుసు. "మీరు ఎక్కువసేపు నిలబడక్కర్లేదు మిస్ వెల్డా. ఒక్క నిమిషంలో కూర్చోబెడతాను" అని మాటిచ్చాడు. ఇచ్చినట్టే ఆట మొదలవగానే బంతి లాక్కుని పరిగెత్తేవాడు. పాయింటు పడగానే మా వరుస వైపు తిరిగి తన మోకాలు రెండుసార్లు తట్టేవాడు. నేను కూర్చునేదాన్ని. రెండేళ్లు, మన జిమ్‌లో జరిగిన ఆటల్లో ఒక్కటి కూడా తప్పలేదు.

అలాంటివాడు నాతో ఒక్క ముక్క చెప్పకుండా పోతున్నాడు. నాకు టీవీ చెప్పింది. నాకు తెలియాల్సింది ఒక్కటే: రెండేళ్లు నా బల్ల దగ్గర కూర్చున్నది మనిషా, ఉత్త ఆకలా?

ఇప్పుడు నవ్వు.

వెల్డా

&nbsp;

డన్‌మోర్, కెంటకీ
14 ఏప్రిల్ 2024

అక్కా,

చదివాను. చింపలేదు. అద్దం పక్కన పెట్టాను, గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా చదువుతున్నారు. కోపం తెచ్చుకోకు, నీ అక్షరాలు బాగున్నాయంటున్నారు.

సెలూన్ నిండా ఇప్పుడు ఇదే గొడవ. సగం మంది "బంగారం దొరికింది" అంటారు. మిగతా సగం "ఒక ఊరిని వదిలినవాడు రెండో ఊరిని వదలడా" అంటారు. మా పోస్టు మాస్టరు ఆర్లో అయితే కుర్చీలో సబ్బు నురగతో కూర్చుని, "వాడు డబ్బు కోసం వచ్చాడు, ఇంకెవరైనా ఎక్కువిస్తే పోతాడు" అన్నాడు. నేను కత్తి వాడి గొంతు దగ్గరే ఆపి, "ఇంకోసారి అను" అన్నాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను, నేనెందుకు నవ్వానో. మార్చిలో మీ కోచ్ ఓడమ్‌ని పీకెయ్యమని అర్జీ పెట్టిందెవరు? ఊళ్లో ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిందెవరు? మీ పేపర్లో ఫొటో వచ్చింది, మా ఆవిడ డెనీస్ కత్తిరించి దాచింది కూడా. మొట్టమొదటి సంతకం, ఇంత లావున, వెల్డా స్టకీ. ఓడమ్‌ని మీరు తరిమారు, మేం పిలిచి కోచ్‌ని చేశాం. ఆ కుర్రాణ్ణి పదహారో ఏట వెతికి పట్టుకుని, వాళ్లమ్మ ముందు కూర్చుని, "మీవాణ్ణి నేను చూసుకుంటాను" అన్నది ఓడమ్. అలాంటి మనిషిని మీరు గెంటేస్తే వాడు ఆయన వెనక రాక, నీ నూడుల్స్ దగ్గర కాపలా కూర్చుంటాడా?

నీ చేత్తో తలుపు తీసి పంపించి, దొంగ పారిపోయాడని అరుస్తున్నావు. అందుకే నవ్వొచ్చింది. నవ్వినందుకు క్షమాపణ. నవ్వు రావడం మాత్రం నా తప్పు కాదు.

నీ తమ్ముడు,
రోలండ్

తా.క. మోకాలికి డాక్టర్ దగ్గరికి వెళ్లావా?

&nbsp;

బెల్ ఫోర్క్
20 ఏప్రిల్ 2024

రోలండ్‌కి,

నా ఉత్తరం సెలూన్లో వేలాడదీశావా! సిగ్గులేదూ? ఈ ఉత్తరం కూడా వేలాడదీయి అయితే. ఆర్లో అనేవాడికి నా తరపున ఒక మాట చెప్పు: ఆ ఊళ్లో బుర్ర ఉన్నవాడు నువ్వొక్కడివేనయ్యా అని.

అవును, సంతకం పెట్టాను. ముప్పై ఆటల్లో పందొమ్మిది ఓడిపోయాం. చివరి ఆట అయ్యాక ఓడమ్ మాకు చేతులు కూడా ఊపకుండా లోపలికి పోయాడు. నేను పొమ్మన్నది కోచ్‌ని. పిల్లాణ్ణి కాదు. ఆ రెండూ ఒకటే అని నీకు ఎవరు చెప్పారు? బస్సు డ్రైవర్ని మార్చమంటే పిల్లలందరూ దిగిపోతారా?

ఇక్కడ పొద్దున్న కాఫీ దగ్గర ఎవరి నోట విన్నా అదే మాట. జెర్రీ తెలుసుగా, ఏడో వరుసలో నీ సీట్లో కూర్చునే ఆవిడ, "కుర్రాళ్లకి ఇప్పుడు ఏ ఏడాది కావాలంటే ఆ ఏడాది కాలేజీ మారే రూలొచ్చింది, వాడేం తప్పు చేశాడు?" అంది. హ్యాంక్ కప్పు బల్ల మీద కొట్టి, "రూలుంటే? నాకు విడాకుల రూలు కూడా ఉంది, రోజూ వాడుతున్నానా?" అన్నాడు. వాళ్లావిడ అక్కడే ఉంది. ఆ తర్వాత అక్కడ టెరెల్ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇంకో సంగతి. పోయిన గురువారం వాడు నా ఇంటికి వచ్చాడట. పక్కింటివాళ్లు చెప్పారు. మెట్ల మీద పావుగంట నిలబడ్డాడట. నేను ఇంట్లో లేను. ఉన్నా తలుపు తీసేదాన్ని కాదు. ఏ మొహం పెట్టుకుని వచ్చాడు? ముందు రావాలి, తర్వాత టీవీలో చెప్పాలి. వరస తప్పినవాడికి నా ఇంట్లో కుర్చీ లేదు.

ఫ్రిజ్ మీద వాడి ఫొటో తీసేశాను. జిగురు మరక మిగిలింది. రోజూ అదే కనిపిస్తోంది, ఫొటో ఉన్నప్పుడు ఇంత కనిపించేది కాదు.

మోకాలు నా సొంత వ్యవహారం.

వెల్డా

&nbsp;

డన్‌మోర్
16 సెప్టెంబర్ 2024

అక్కా,

ఐదు నెలలు నీ దగ్గర్నుంచి ముక్క లేదు. అలిగావని తెలుసు. అయినా ఒక సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీ టెరెల్ శనివారం నా సెలూన్‌కి వచ్చాడు. నా కుర్చీని చివరిదాకా కిందికి దింపినా వాడి తల నాకు అందలేదు, పెట్టె మీదకెక్కి కత్తిరించాల్సి వచ్చింది. గోడ మీద బోర్డు చూసి, "స్టకీ అంటే బెల్ ఫోర్క్ స్టకీలా?" అన్నాడు. "వెల్డా మా అక్క" అన్నాను. లేచి వెళ్లేటప్పుడు "ఆవిడ మోకాలు ఎలా ఉంది?" అని అడిగాడు.

"నిన్ను ఒక్క తన్ను తన్నేంత బలంగా ఉంది" అన్నాను. సెలూన్ అంతా నవ్వింది. వాడూ నవ్వాడు, కానీ సరిగ్గా నవ్వలేదు.

ఇంతే. నీకు చెప్పాలనిపించింది.

రోలండ్

&nbsp;

బెల్ ఫోర్క్
23 సెప్టెంబర్ 2024

రోలండ్‌కి,

నా మోకాలు నీ సెలూన్లో నవ్వులాట అయిందన్నమాట. వాడు అడిగాడని నువ్వు అల్లావో, నిజంగానే ఎగతాళికి అడిగాడో నాకు తెలియదు. రెండూ ఒకటే. నిజంగా మనసులో ఉన్నవాడు క్షౌరం చేయించుకుంటూ, పదిమంది నవ్వేచోట అడగడు. ఇకమీదట నా ఉత్తరాలు గోడకి, నా కాళ్లు నీ జోకులకి వాడుకోకు.

ఈ ఏడాది చీటీల్లో నాకు నెబ్రాస్కా నుంచి వచ్చిన పిల్లాడు పడ్డాడు. పేరు కోల్‌బీ. మాంసం తినడు, గోధుమ పడదు, పాలు పడవు. మూడు ఆదివారాల నుంచి వాడికి ఉడకబెట్టిన బంగాళాదుంప పెడుతున్నాను. "థాంక్యూ మేడమ్" అని తింటాడు. మంచివాడే. వాడి ముందు కూర్చుంటే నాకే ఆకలి వేయడం లేదు.

ఏప్రిల్‌లో మోకాలి సంగతి అడిగావుగా, చెబుతాను. మోకాల్లో గుజ్జు అరిగిపోయింది, ఎముక ఎముకకి రాసుకుంటోంది. మార్చేస్తామన్నారు, అక్టోబర్‌లోనే చేద్దామన్నారు. జనవరి పద్దెనిమిది దాటాకే అన్నాను. ఆ రోజు మీవాళ్లు మా జిమ్‌కి వస్తున్నారు. ఆ ఒక్క ఆటకీ నేను నిలబడాలి. డాక్టర్ కుర్రవాడు "అమ్మా, అది ఆట మాత్రమే" అన్నాడు. ఎక్కడివాడివయ్యా అని అడిగాను. ఫ్లోరిడా అట, మన ఆట పిచ్చి తెలియని చోటు. అదీ సంగతి.

వెల్డా

&nbsp;

డన్‌మోర్
30 నవంబర్ 2024

అక్కా,

ఏడు ఆటలు, ఏడూ గెలిచాం. ఒక్కో ఆటకి ఇరవై రెండు పాయింట్లు నీ టెరెల్‌వే. తప్పు, మా టెరెల్. వాడి నిలువెత్తు బొమ్మ సెలూన్ కిటికీలో పెట్టాను. రోడ్డు మీద కార్లు ఆపి చూసి మరీ వెళ్తున్నారు. ఆర్లో ఇప్పుడు వాడి నంబరున్న చొక్కా వేసుకుని ఉత్తరాలు పంచుతున్నాడు. ఈ ఉత్తరం కూడా ఆ చొక్కా చేతుల మీదుగానే వస్తోంది, ముట్టుకునే ముందు ఆలోచించుకో.

మోకాలి గురించి నువ్వు రాసింది చదివి ఒళ్లు మండింది. ఒక కాలేజీ కుర్రాణ్ణి నిలబడి తిట్టడానికి ఆపరేషన్ వాయిదా వేసుకునే మనిషి భూమ్మీద ఇంకొకరు ఉండరు. నాన్న ఒక్కడే ఉండేవాడు, పోయాడు. చనిపోయే ముందు ఆయన గుండె నొప్పితోనే ఏడో వరుసలో నిలబడ్డాడు. ఏమైంది? మనం గెలిచామా?

నేను ఆ రోజు వస్తున్నాను. అవతలి వైపు, మావాళ్లతో కూర్చుంటాను. నిన్ను చూస్తూనే ఉంటాను. కూర్చో, పంతం పట్టకు.

రోలండ్

&nbsp;

బెల్ ఫోర్క్
9 జనవరి 2025

రోలండ్‌కి,

నాన్నని మధ్యలోకి లాగావు.

పద్దెనిమిదిన ఏం జరగబోతోందో చెబుతున్నాను. మీ కోచ్‌కి చెప్పుకుంటావో, ఆర్లో చేత దండోరా వేయిస్తావో నీ ఇష్టం. మైకులో టెరెల్ పేరు పిలవగానే ఏడో వరుస మొత్తం వెనక్కి తిరుగుతుంది. అరుపులుండవు, తిట్లుండవు. వీపులు, అంతే. మావాళ్లు మొదటి పాయింటు కొట్టేదాకా అలాగే నిలబడతాం. ఆ తర్వాతే తిరిగి కూర్చుంటాం. ఆలోచన నాది. పై వరుసలవాళ్లు కూడా మాతో కలుస్తామన్నారు. జెర్రీ ఒక్కత్తే "పిల్లాడి మొహం చూడాలని ఉంది వెల్డా" అని సణిగింది. "అయితే నీ సీటు మా తమ్ముడికి ఇచ్చేయి, అవతలి వైపు కూర్చో" అన్నాను.

వాడు ప్రతిసారీ మా వరుస వైపు చూసేవాడు. ఈసారీ చూస్తాడు. చూసినప్పుడు నా మొహం దొరక్కూడదు. అది చాలు నాకు. ఆ తర్వాత నా కాలు కోసుకున్నా నరుక్కున్నా వాళ్లిష్టం.

వెల్డా

&nbsp;

డన్‌మోర్
20 జనవరి 2025

అక్కా,

సంతోషమేనా? అరవై ఒకటి, అరవై. ఒక్క పాయింటు! ఒకే ఒక్క పాయింటుతో గెలిచారు. అది మీవాళ్లు కొట్టింది కాదు, మావాడు మీకు పళ్లెంలో పెట్టి ఇచ్చింది. నువ్వు వెనక్కి తిరిగి నిలబడ్డావు కాబట్టి చూసి ఉండవు. నేను చూశాను. చెబుతాను, కడుపు నిండా విను.

ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలు మీవాళ్లు ఒక్కటి వెయ్యలేకపోయారు. అక్కడ కొట్టారు, ఇక్కడ కొట్టారు, ఆ నెబ్రాస్కా పిల్లాడు అయితే బాస్కెట్ వెనక బల్లకి కూడా తగలకుండా గాల్లోకి విసిరాడు. మేం తొమ్మిది, మీరు సున్నా. మీ జిమ్ మొత్తం నిలబడి చప్పట్లు కొట్టి కొట్టి నీరసపడింది. మీ వరుస వీపులు అలాగే ఉన్నాయి. నువ్వు వెనక కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నావు. కుడి పాదం నేలకి ఆన్చడం లేదు, ఒంటికాలి మీద ఊగుతున్నావు. డెనీస్ "మీ అక్క పడిపోతుంది" అంది. "పడదు, మొండిది" అన్నాను.

మా టెరెల్‌కి ఆట మీద ధ్యాసే లేదు. బంతి ఒకవైపుంటే వాడు పైకి, మీ వైపే చూస్తున్నాడు. నీ వీపులు పని చేశాయిలే, కుర్రాడు కంగారుపడ్డాడు అనుకున్నాను. నీ మీద నిజంగా కోపం వచ్చింది.

అప్పుడు చేశాడు ఆ పని. బంతి ఆ చివర ఉంది. వాడు ఈ చివర, బంతికి ఎనభై అడుగుల దూరంలో, బంతితో సంబంధం లేని ఆ నెబ్రాస్కా పిల్లాడి దగ్గరికి నడిచి వెళ్లి, రెండు చేతులా నడుం వాటేసుకుని నిలబడిపోయాడు. చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు. రెఫరీ ఈల వేస్తే కూడా వదల్లేదు, ఇంకోసారి వేసేదాకా. మామూలు ఫౌల్ అయితే అప్పటికి మీకు బంతి ఇచ్చేవాళ్లు, అంతే. ఇది కావాలని చేసింది కాబట్టి రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డురాకుండా వేసుకోవచ్చు. మొదటిది మీవాడు పోగొట్టాడు. రెండోది వేశాడు. మీ జిమ్ కప్పెగిరిపోయేలా అరిచి, కూర్చుంది. ఆ ఒక్క పాయింటుతోనే మేం ఓడిపోయాం.

ఓడమ్ వాణ్ణి లాగి బెంచీ మీద పడేశాడు. సగం ఆట అయ్యేదాకా లేపలేదు. మొహంలో మొహం పెట్టి ఏమిటిది అని అరిచాడు. ఆట అయ్యాక పేపరువాళ్లు అడిగితే "చేతులు జారాయి" అన్నాడట. చేతులు జారితే నడుం వాటేసుకుంటాయా?

ఇక్కడ ఊరు మండిపోతోంది. పాత ఊరికి అమ్ముడుపోయాడని, ఆట అమ్మేశాడని, టీములోంచి తీసెయ్యమని అర్జీ కూడా మొదలైంది. ఆ కాగితం నా సెలూన్ బల్ల మీదే ఉంది, ఆర్లో పెట్టి వెళ్లాడు. ఇప్పటికి నలభై సంతకాలు. కిటికీలో బొమ్మ నేనే చింపేశాను. ఈ పొద్దున్న వాడు క్షవరానికి వచ్చాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. "ఖాళీ లేదు" అన్నాను. కుర్చీ వైపు ఒకసారి చూసి, సరే సర్ అని వెళ్లిపోయాడు.

నువ్వు మొదట్నించీ చెప్పిందే నిజం. వాడికి నీతి లేదు. గెలిచావు. ఇంక సంబరం చేసుకో.

రోలండ్

&nbsp;

బెల్ ఫోర్క్
23 జనవరి 2025

ఒరే రోలండ్,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి మొదలుపెట్టాను. నడుం వాటేసుకున్నాడు అన్న దగ్గర కూర్చున్నాను. ఇంకా లేవలేదు. పొయ్యి మీద ఏదో మాడింది, జెర్రీ వచ్చి ఆపింది.

వీపు తిప్పుకుని ఉన్న నాకు ఈల వినపడింది, జనం నవ్వు వినపడింది, తర్వాత కేకలు వినపడ్డాయి. పాయింటు పడిందన్నారు, కూర్చున్నాను. ఎలా పడిందో అడగలేదు. ఇంకొక్క అర నిమిషం అయితే కమ్మీ మీదుగా అవతలికి పడిపోయేదాన్ని. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నా మొహం ఎవరికీ కనపడలేదు కదా. అయినా వీపు చూసి కనిపెట్టినవాడు ఒకడున్నాడు.

నువ్వు నా మొదటి ఉత్తరం గోడకి వేలాడదీశావు. దాన్ని ఇప్పుడు తీసి చదువు. "ఒక్క నిమిషంలో కూర్చోబెడతాను" అని ఉంటుంది చూడు. ఈసారి ఐదు నిమిషాలు పట్టింది, అంతే తేడా. వేరే చొక్కా వేసుకుని ఉన్నాడు, బంతి లాక్కుని మాకు వెయ్యలేడు. వాడి దగ్గర ఇంకే దారి ఉంది? నువ్వేమో ఎదురుగా కూర్చుని, నా పాదం నేలకి ఆనడం లేదని కూడా చూసి, వాడెటు చూస్తున్నాడో కూడా చూసి, రెండూ కలుపుకోలేకపోయావు. తలలు కత్తిరించడమే తప్ప తల వాడటం నీకు ఎప్పుడు వచ్చింది గనక!

మరి నేను? నీకన్నా ఘోరం. సెప్టెంబర్‌లో వాడు మోకాలు అడిగాడని నువ్వు రాస్తే నిన్ను అబద్ధాలకోరువన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క ఆ మాటే, మిగతావన్నీ అలాగే ఉంచు. ఏప్రిల్‌లో వాడు నా మెట్ల మీద నిలబడ్డప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. తెర వెనక నిలబడి పావుగంటా చూశాను. చేతిలో టోపీ నలిపేస్తున్నాడు. చెప్పడానికే వచ్చాడు. చెప్పనివ్వకుండా, చెప్పలేదని తొమ్మిది నెలలు తిట్టాను.

మనిషా, ఆకలా అని అడిగాను గుర్తుందా? నాకు సమాధానం వచ్చింది. ఊరంతా చూస్తుండగా వచ్చింది, నేను తప్ప.

ఇక ఆ అర్జీ సంగతి. అర్జీ ఎలా నడుస్తుందో నాకు చెప్పకు, నేను నడిపినదాన్ని. నలభై సంతకాలు నాలుగొందలు అవ్వడానికి వారం చాలు. దాన్ని నీ బల్ల మీంచి తీసేయి. బొమ్మ చింపిన కిటికీలో ఈ ఉత్తరం అతికించు. ముందు పేజీ బయటికి కనపడేలా పెట్టు. ఆర్లో చేత పైకి చదివించు, ఒక్క ముక్క వదలకుండా. వెల్డా స్టకీ అనే బెల్ ఫోర్క్ ముసలిది, డన్‌మోర్ అంటే గిట్టనిది, చచ్చేదాకా గిట్టనిది, తన సంతకంతో చెబుతోందని చెప్పు: వాడు ఆట అమ్మలేదు. ఒక మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. మీ ఊళ్లో అలాంటివాడు ఇంకొకడుంటే చూపించమను.

ఇక్కడ మావాళ్లకి రేపు కాఫీ దగ్గర నేనే చెబుతాను. ఒక్క పాయింటుతో గెలిచాం అని వీధుల్లో ఊరేగుతున్నారు. హ్యాంక్ మొహం ఎలా మారుతుందో చూడాలి.

తర్వాత వాడు ఉండే చోటుకి వెళ్లు. ఫోన్ చెయ్యకు, వెళ్లు. నీ కత్తెర తీసుకుని వెళ్లి క్షవరం చెయ్యి, పెట్టె కూడా పట్టుకెళ్లు. ఆపరేషన్ మంగళవారం అని చెప్పు. ఆదివారానికి లేచి తిరగలేను కానీ, ఆ తర్వాత వచ్చే ఏ ఆదివారమైనా తలుపు తీసే ఉంటుందని చెప్పు. వచ్చే ఏడాది ఏడో వరుస వాడి వైపే తిరిగి నిలబడుతుందని, కొత్త మోకాలు ఎంతసేపైనా ఆగుతుందని చెప్పు.

ఇంకో మాట మర్చిపోకుండా చెప్పు. ఒక ఆటకి మనిషికి ఐదు ఫౌల్స్. ఐదూ అయితే బయట కూర్చోబెడతారు. ఇకమీదట వాటిలో ఒక్కటి కూడా నా మీద ఖర్చు చెయ్యొద్దని చెప్పు.

నీ అక్క,
వెల్డా